శుక్రవారం తలంటు

"అది పారబొయ్యకండి, అత్తయ్యా."

కమల చేతిలోని ఐస్‌క్రీం డబ్బా అప్పటికే సింకు మీదికి వంగి ఉంది. లోపలి గోధుమరంగు రసం అంచు దాకా వచ్చి ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి, తాను సరిగ్గానే విన్నానా అన్నట్టు కోడలి మొహంలోకి చూసింది.

"ఏమన్నావ్?"

"పారబొయ్యొద్దన్నాను. అక్కడ పెట్టెయ్యండి."

ఆస్పత్రి నుంచి వచ్చి పావుగంటైనా కాలేదు. చరిత ఒంటి మీద కోటు ఇంకా అలాగే ఉంది. మహీధర్‌ని మేడ మీద పడుకోబెట్టి, జ్వరం చూసి, ముప్పై ఏడూ రెండు అని కాగితం మీద రాసి ఆమె కిందికి దిగేసరికి, అత్తగారు ఇంట్లో మిగిలిన సాక్ష్యాలన్నీ కడిగేసే పనిలో ఉంది. చారు గిన్నె తోమేసింది. గ్లాసు తోమేసింది. గరిటె రెండుసార్లు తోమింది. మిగిలింది ఈ డబ్బా ఒక్కటే.

"నా కొడుకు పొద్దుటి నుంచి పేగులు బయటికొచ్చేలా కక్కాడు. వాడి చేత కక్కించిన దాన్ని నువ్వు దాచిపెట్టుకుంటావా?"

చరిత దగ్గరికొచ్చి డబ్బా అందుకుంది, మూత నొక్కింది, ఫ్రిజ్‌లో పై అరలో పెట్టింది. పెట్టేటప్పుడు ఒక్క చుక్క ఒలకలేదు. ఆ జాగ్రత్త చూసి కమలకి ఒళ్ళు మండింది.

నిజానికి ఆ డబ్బాలో ఉన్నది విషం కాదు, కుంకుడు రసం. ఇదే ఊళ్ళో ఉండే స్నేహితురాలు దేవకుమారి పోయిన నెల గుంటూరు వెళ్ళొస్తూ సూట్‌కేసులో కుంకుడుకాయలు మోసుకొచ్చి, "నీ జుట్టు చూస్తే నాకు ఏడుపొస్తోంది, ఇవి తీసుకో" అని ఇచ్చింది. చరిత నిన్న సాయంత్రం వాటిని కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పులిమి, వడకట్టి డబ్బాలో పోసింది. అత్తగారి మణికట్టు నొప్పి మూలాన వారం వారం చింతపండు పులుసు తీసి ఫ్రిజ్‌లో పెట్టేదీ చరితే. పెట్టేదీ ఐస్‌క్రీం డబ్బాలోనే. గురువారం సాయంత్రమే.

కమలకి కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ వాసన తెలియదు. మహీధర్‌కి కీమో మొదలైన దగ్గర్నుంచీ రుచి తెలియదు, ఏం నోట్లో పెట్టుకున్నా ఇనుప గరిటె నాకినట్టుంటుంది. వాసన తెలియని తల్లి దాన్ని చింతపండు పులుసనుకుని వండింది, రుచి తెలియని కొడుకు తాగాడు. మిరియాలూ జీలకర్రా దంచి వేసిన ఆ చారు నురగలు కక్కుతూ పొంగుతుంటే, ఈ దేశం వచ్చాక ఇన్నాళ్ళకి చారు చారులాగా పొంగిందని కమల మురిసిపోయింది. ఆవిడ మురిపెం చూసి మహీధర్ గ్లాసు నిండా తాగాడు.

అరగంటలో వాంతులు మొదలయ్యాయి.

"ఇది కుంకుడు రసం అని నాకు ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయేది?" అంది కమల.

"ఏం పోయేది కాదు. చెప్పాల్సింది. తప్పు నాదే."

"తప్పు నీదేనని ఆస్పత్రిలో డాక్టరుకీ చెప్పావు, ఆ నర్సుకీ చెప్పావు, కారులో నాకూ చెప్పావు. నేను అడిగేది అది కాదు. ఎందుకు చెప్పలేదు?"

చరిత కోటు విప్పి కుర్చీ వీపుకి తగిలించింది. కాలరు సరిచేసింది. అది సరిగ్గానే ఉంది, అయినా మళ్ళీ సరిచేసింది.

"నిన్నంతా ఇంట్లోనే ఉన్నానుగా. నా ముందునుంచే మేడ మీదికీ కిందికీ తిరిగావు. కాయలు ఎప్పుడు కొట్టావో కూడా నాకు తెలియదు. గరాజ్‌లో కొట్టావా?"

"అవును."

"గరాజ్‌లో దాక్కుని కుంకుడుకాయలు కొట్టావా?"

చెప్పుకుంటే నవ్వొచ్చే సంగతే. ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

"మహీ ఫోన్ చేస్తే ఎవరో వినీత్ అట, మీ మందుల ప్లాంట్‌లో, అతను తీశాడట. ఆవిడ ఎలాగూ పన్నెండున్నరకి వెళ్ళిపోతున్నారు కదా, లీవ్ పెట్టారు కదా అన్నాడట." కమల గొంతు తగ్గించింది. గొంతు తగ్గిస్తే ఆవిడ మాట ఇంకా గట్టిగా తగులుతుంది. "ఇంట్లో మొగుడు ఇలా పడి ఉంటే, నువ్వు లీవ్ పెట్టి, ఎవరికీ చెప్పకుండా, తలంటు పోసుకుందామనుకున్నావు. నాకర్థమైంది అదే. తప్పైతే చెప్పు."

"తప్పు కాదు. అదే."

ఒప్పుకుంటుందని కమల అనుకోలేదు. కాదని బుకాయిస్తే ఇంకో పదినిమిషాలు పోట్లాడొచ్చు. ఒప్పేసుకున్న మనిషితో ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు. గుడ్డ తీసుకుని, తుడిచిన గట్టునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఒకే చోట గుండ్రంగా తిరుగుతోంది. పొద్దున గరిటె పట్టింది ఆ చెయ్యే మరి.

చరిత అది చూసింది. దగ్గరికెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంటే బావుండేది. కాని ఇవాళ్టికి ఆమె దగ్గర పట్టుకునే ఓపిక అయిపోయింది. మెట్లెక్కింది.

*

మహీధర్ పడుకోలేదు. దిండుకి ఆనుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. ఐర్లండ్‌లో ఈ కార్క్ ఊళ్ళో జూన్ నెల సాయంత్రం అయిదంటే ఎండ ఇంకా నడినెత్తినే ఉన్నట్టుంటుంది. ఎదురింటి ముసలాయన పొట్టి లాగూ వేసుకుని గడ్డి కోస్తున్నాడు.

చరిత థర్మామీటర్ తీసి అతని చెవిలో పెట్టింది. అది ఒక్కసారి పొడుగ్గా కూసింది. జ్వరం లేకపోతే అలా ఒక్క కూతే. ఉంటే గబగబా నాలుగైదు కూస్తుంది. ఆ రెండు కూతల తేడా ఆ ఇంట్లో అందరికీ గోడల అవతల నుంచి కూడా తెలుసు.

"ముప్పై ఏడూ మూడు."

"గ్రాండ్," అన్నాడు మహీధర్.

అంతా బానే ఉందనడానికి ఈ ఊళ్ళో అందరూ అనే మాట అది. పంపించేటప్పుడు నర్సు అబిగేయిల్ కూడా ఆ మాటే అంది. ఎనిమిది నెలలుగా తెలిసిన మనిషి. కుంకుడుకాయని ఇంగ్లీషులో సోప్ నట్ అని చరిత చెబితే ముందు నట్స్ అంటే ఎలర్జీ ఏమైనా ఉందా అని అడిగింది. తర్వాత అర్థమయ్యాక నవ్వాపుకోలేక అవతలికి తిరిగింది. రక్తం తీసి, సెలైన్ ఎక్కించి, అంతా చూసి, ఆయన గ్రాండ్, తీసుకెళ్ళు అంది. ముప్పై ఎనిమిది దాటిందా, కీమో ఒంటికి అది ప్రాణం మీదికే, ఒక్క నిమిషం ఆగొద్దు, తిన్నగా నా దగ్గరికి తీసుకొచ్చెయ్ అని కూడా అంది. ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వలేదు.

"లీవ్ ఎందుకు పెట్టావ్?" అని అడిగాడు మహీధర్.

"కింద మాటలు వినబడ్డాయిగా."

"అమ్మ మాటలు వినబడ్డాయి. నీవి వినబళ్ళేదు."

చరిత మంచం అంచున కూర్చుంది. "రెండింటికి అత్తయ్య దేవకుమారి వాళ్ళింట్లో పూజకి వెళ్తారు. నువ్వు మందు వేసుకుని పడుకుంటావు. మధుకి స్కూల్ అయ్యాక కామోగీ ఆట ప్రాక్టీస్. రెండు నుంచి నాలుగు దాకా ఈ ఇంట్లో నన్ను పిలిచేవాళ్ళు ఎవ్వరూ ఉండరు. అంతే మహీ. ఇంకేం లేదు అందులో."

"నాకు చెబితే వద్దంటానా?"

"అనవు. వెళ్ళు, హాయిగా పోసుకో అంటావు. అని, నిద్ర మానేసి, నేను ఎప్పుడు బయటికొస్తానా అని తలుపు వంక చూస్తూ పడుకుంటావు. నువ్వు చూస్తున్నావని నాకు లోపల తెలుస్తుంటుంది. అప్పుడది నీ కోసం పోసుకున్న తలంటు అవుతుంది."

ఎదురింటాయన గడ్డి యంత్రం ఆపాడు. ఆ చప్పుడు పోయేసరికి గది మరీ చిన్నదైనట్టనిపించింది.

"ముడి విప్పు," అన్నాడు మహీధర్.

"ఎందుకు?"

"విప్పు, చూస్తాను."

"ఇప్పుడొద్దు."

"జనవరి నుంచి ముడే. వంట చేస్తున్నా ముడే, పడుకున్నా ముడే. నాకు దిండు మీద గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడిన వారం నుంచి నీ జుట్టు నాకు కనబడకుండా చుట్టేసుకున్నావు. నేను గమనించలేదనుకున్నావా? నాకు జుట్టు పోయింది గాని కళ్ళు పోలేదు, చరితా."

చరిత పిన్నులు తీసింది. ఒకటి, రెండు, ఆరు. ముడి విప్పితే నడుం దాకా జారాల్సిన జుట్టు ఎక్కడికీ జారలేదు. మెడ మీద అలాగే ఒక ముద్దలాగా నిలబడిపోయింది. పగలంతా ప్లాంట్‌లో హెయిర్‌నెట్ కింద, దాని మీద హుడ్ కింద అణిగి, ఇంటికొచ్చాక మళ్ళీ అదే ముడిలోకి పోయి, నూనె లేక, దువ్వెన సరిగ్గా పడక, కింది జుట్టంతా కొబ్బరి పీచులా పట్టేసింది.

మహీధర్ చెయ్యి చాపి ఆ ముద్ద మీద పెట్టాడు. వేళ్ళు అటూ ఇటూ కదిపాడు. తర్వాత తీసేసి ఆ వేళ్ళ వంకే చూసుకున్నాడు.

"నాకు తెలియట్లేదు. గరుగ్గా ఉందా?"

కీమో అతని వేళ్ళ కొసలకి కూడా తిమ్మిరెక్కించింది. చొక్కా గుండీలు చరితే పెడుతుంది.

"గరుగ్గా ఉంది," అంది చరిత. అనగానే కళ్ళు నిండాయి. ఆ జుట్టంటే అతనికి ఎంత ఇష్టమో, పెళ్ళైన కొత్తలో కూకట్‌పల్లి గదిలో ఆరబెట్టుకుంటుంటే పుస్తకం పక్కన పడేసి ఎలా వచ్చి కూర్చునేవాడో గుర్తొచ్చింది. అతని కోసం ఏడుపు రాలేదు ఆమెకి. ఆ ఆరబెట్టుకున్న అమ్మాయి కోసం వచ్చింది. ఎక్కడికి పోయిందది?

"కత్తెర తెచ్చి ఇక్కడికి కత్తిరించేస్తాను. దీన్ని చిక్కు తియ్యడం నా వల్ల కాదు."

"శుక్రవారం పూట ఇంట్లో కత్తెర మాట ఎత్తకు."

కమల. మజ్జిగ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వెనకాల చరిత కూతురు మధులిక, ఆట బట్టల్లోనే, చేతిలో కామోగీ ఆడే హర్లీ కర్రతో. ప్రాక్టీస్ అయ్యాక దేవకుమారి వెళ్ళి తీసుకొచ్చి దింపింది.

కమల గ్లాసు బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది. కోడలి మెడ మీది ముద్ద చూసింది. చూసి, ఇందాక వంటింట్లో అన్నవన్నీ ఒక్కసారి వెనక్కి తీసుకోవాలనుకున్నట్టుంది గాని, ఆవిడ అలాంటివి వెనక్కి తీసుకునే మనిషి కాదు.

"ఇలా ఎందుకు చేసుకున్నావమ్మాయ్?" అంది. "పద. స్టూలు వేసుకుని కూర్చో. నూనె నేను పెడతాను. నేనే పోస్తాను తలంటు. రెండు గంటలు పట్టినా సరే, పాయ పాయ తీస్తాను."

"నీళ్ళు నేను పోస్తాను," అన్నాడు మహీధర్. "చెంబు పట్టుకోగలను."

"ఐ కెన్ డూ ద కూంబింగ్," అంది మధులిక. పన్నెండేళ్ళ పిల్ల, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్క్ యాసలోనే.

ముగ్గురూ ఆమె వంక చూస్తున్నారు. ముగ్గురి మొహాల్లోనూ ప్రేమ ఉంది. ఎవరైనా చూస్తే ఈ అమ్మాయి ఎంత అదృష్టవంతురాలో అనుకుంటారు. చరితకి ఊపిరాడలేదు.

"వద్దు," అంది.

"ఏం?"

"ఎవరూ వద్దు."

కమల మొహం మాడిపోయింది. "నా చేతుల మీద నమ్మకం పోయిందంటే పోయిందని చెప్పు. పొద్దున చేసిన పనికి..."

"అది కాదు అత్తయ్యా. మీ చేతులంటే కాదు. ఎవరి చేతులూ వద్దు." మాట ఎలా చెప్పాలో తెలియక చరిత తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూసింది. "ఈ చేతుల్తో ఈయనకి ఒళ్ళు తుడుస్తాను. గుండీలు పెడతాను. మీ మణికట్టుకి మందు రాస్తాను. మధుకి జడ వేస్తాను. ప్లాంట్‌లో రెండు జతల గ్లవ్స్ వేసుకుని పన్నెండు గంటలు సీసాలు పట్టుకుంటాను. నన్ను నేను ముట్టుకుని ఎనిమిది నెలలైంది. స్నానమంటే నీళ్ళు పోసుకుని పరిగెత్తుకు రావడమే, చెవులు బయటే ఉంటాయి."

మధులిక హర్లీ కర్రని గోడకి ఆనించింది.

"ఎవరూ లేనప్పుడు నేను ఏవేవో అనుకునేదాన్ని. ఏం అనుకునేదాన్నో మర్చిపోయాను. ఒక్క గంట. తలుపు గడియ వేసుకుని. ఎవరూ పిలవకుండా. నాకు కావలసింది అదీ."

"గడియా?" అంది కమల. "ఆ తలుపుకి గడియ ఎక్కడుంది?"

*

లేదు. దాన్ని పీకేసింది చరితే.

ఫిబ్రవరిలో ఒక బుధవారం మహీధర్ స్నానాలగదిలో గడియ వేసుకుని కళ్ళు తిరిగి పడిపోయాడు. అప్పటికి కమల ఇంకా రాలేదు. ఇంట్లో మధులిక ఒక్కతే. ప్లాంట్‌లో సెల్‌ఫోన్లు లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్ళాలి కాబట్టి, పిల్ల ఫ్రిజ్ మీద అతికించిన నంబరు చూసి డెస్కుకి ఫోన్ చేసింది. చరితని లోపలి నుంచి పిలిచారు. గ్లవ్స్ విప్పుకుంటూ వచ్చి ఫోన్ తీసుకుంటే మధులిక మొదటి మాట, "ఎవ్రీథింగ్స్ గ్రాండ్, అమ్మా."

తర్వాత కాసేపు ఊపిరి.

తర్వాత, నాన్న తలుపు తియ్యట్లేదు అని ఇంగ్లీషులో చెప్పింది.

అమ్మ కంగారు పడకూడదని ఆ మాట ముందు చెప్పిందట. ఎదురింటి ముసలాయన వచ్చి భుజంతో తలుపు బద్దలు కొట్టాడు. కొత్త తలుపు వచ్చిన రోజునే చరిత స్క్రూడ్రైవర్ తీసుకుని గడియ విప్పేసింది. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో ఏ తలుపుకీ గడియ లేదు. అది మంచి పనే. కాని ఆ రోజు నుంచి ఎవరు ఏ గదిలో ఉన్నా మిగతా ముగ్గురూ ఆ గదిలోనే ఉన్నట్టు లెక్క.

మహీధర్ దుప్పటి తీసి కాళ్ళు కింద పెట్టాడు.

"ఎక్కడికి?" అంది చరిత.

"వంటింటి ప్రెస్‌లో ఉంది. కింది సొరుగులో, పాత తాళాల కింద."

"నాన్నా, నువ్వు లేవకు. ఇప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చావు," అంది కమల. అల్మరాని ఇక్కడ ప్రెస్ అంటారని ఆవిడకి మొదటి నెలలోనే తెలిసింది. ఏ సొరుగులో ఏముందో కొడుక్కి ఇంత బాగా తెలుసని మాత్రం ఇప్పుడే తెలిసింది. "ఆ గడియ మళ్ళీ పెడితే, రేపు నువ్వు లోపల..."

"నేను వేసుకోనమ్మా. ఇది చరితది."

"ఏదైనా అయితే?"

"నెలల తరబడి ఏదైనా అయితే, ఏదైనా అయితే అనుకుంటూనే ఉన్నాం. చివరికి ఏమైంది? చారు తాగి ఆస్పత్రికి వెళ్ళాను." మహీధర్ కొద్దిగా నవ్వాడు. ఆ నవ్వు తల్లికి తగలకూడదని వెంటనే ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "చారు బాగా పొంగిందమ్మా. అది మాత్రం నిజం."

కమల పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో ఏడుపుకో తెలియలేదు.

గడియ బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. స్క్రూ అతని వేళ్ళలోంచి మూడుసార్లు జారిపడింది. మధులిక మోకాళ్ళ మీద కూర్చుని ప్రతిసారీ ఏరి ఇచ్చింది. నాలుగోసారి పిల్ల స్క్రూని కదలకుండా పట్టుకుంటే అతను అరచేత్తో డ్రైవర్ తిప్పాడు. చరిత గోడకి ఆనుకుని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తను చేస్తే రెండు నిమిషాల పని. ఆ చేతుల్ని వెనక్కి కట్టుకుని ఉంచడం ఆ రోజు ఆమె చేసిన పనులన్నిటిలోకీ కష్టమైన పని.

మూడో స్క్రూ చివరి దాకా బిగియలేదు. "చాలు," అన్నాడు మహీధర్, నుదుటి మీది చెమట తుడుచుకుంటూ.

కింద వంటింట్లో టక్కుమని చప్పుడైంది. ఇమర్షన్ స్విచ్. ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ ఎవరు ఆ వేడినీళ్ళ మీట వేసినా వెనకాలే వెళ్ళి ఆర్పేసే మనిషి కమల. ఇవాళ ఆవిడే వెళ్ళి వేసింది. కాసేపటికి మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో నువ్వులనూనె గోరువెచ్చగా చేసిన గిన్నె, ఇంకో చేతిలో ఐస్‌క్రీం డబ్బా.

చరితకి రెండూ అందించింది. "సగమే ఉంది. నీ జుట్టుకి సరిపోతుందో లేదో."

"సరిపోతుంది అత్తయ్యా."

"కళ్ళల్లో పడకుండా చూసుకో."

"గంటకోసారి జ్వరం చూడాలి. మళ్ళీ ఆరున్నరకి. ముప్పై ఎనిమిది దాటితే..."

"దాటితే పిలుస్తాం. దాటకపోతే పిలవం," అన్నాడు మహీధర్. "వెళ్ళు."

ఆమె లోపలికి వెళ్ళి గడియ వేసింది. ఇనుము ఇనుములోకి జారిన చిన్న చప్పుడు. అవతల నాలుగడుగుల దూరంలో ముగ్గురు మనుషులు ఉన్నారు. అయినా ఆ చప్పుడుతో వాళ్ళు ఎక్కడో ఊరికి వెళ్ళినట్టయింది.

*

కొంతసేపు చరిత ఏమీ చెయ్యలేదు. టబ్బు అంచున కూర్చుంది. బాత్‌టబ్‌లో బకెట్, బకెట్‌లో చెంబు. మసకద్దం కిటికీలోంచి ఎండ టైల్స్ మీద పడుతోంది. ఎవరూ పిలవలేదు.

నూనె గిన్నెలో వేళ్ళు ముంచింది. మాడు మీద పెట్టుకుంది. ఆ వెచ్చదనం తగలగానే ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. తన గొంతే, కాని ఆ శబ్దం విని చాలా కాలమైంది. తల దించుకుని మెల్లగా చెవుల వెనకాల, మెడ మీద, పీచుకట్టిన ఆ ముద్ద మొదట్లో నూనె రాసింది. ఒక్కో పాయా వేళ్ళతో విడదీసింది. కొన్ని విడలేదు, తెగాయి. తెగినవి పక్కన పెట్టింది. తొందర లేదు. తొందర లేదన్న మాట తనకి తాను పైకే చెప్పుకుంది.

అద్దంలో చూసుకుంది. నూనె కారుతున్న మొహం, కళ్ళ కింద నలుపు, చెవి పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు. అవి ఎప్పుడొచ్చాయో తెలియదు. చాలాకాలం తర్వాత బస్టాండులో కనబడ్డ చుట్టాన్ని చూసినట్టు చూసింది. బావున్నావా అని అడగాలనిపించింది. ఆ మనిషి బావుందో లేదో తెలుసుకోవాలని నిజంగానే అనిపించింది.

కాకినాడ హాస్టల్లో ఆదివారాలు తలంటు పోసుకుని డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటూ ఎన్ని అనుకునేది. సముద్రం పక్క ఊళ్ళో ఒక ఇల్లు. సొంతంగా ఒక ల్యాబ్. ఎవరితోనూ మాట్లాడకుండా రైలెక్కి కన్యాకుమారి దాకా వెళ్ళిరావడం. అవన్నీ జరగలేదు. జరగనందుకు కూడా కాదు బాధ. వాటిని అనుకోవడం కూడా మానేసినందుకు. ఇప్పుడు ఒక్కటి కొత్తది అనుకోవాలని ప్రయత్నించింది. ముందు ఏమీ రాలేదు. తర్వాత, ఇంచిడోనీ తీరం వచ్చింది. ప్లాంట్‌లో వాళ్ళు సెలవు రోజుల్లో వెళ్ళే చోటు. ఒక్కత్తీ వెళ్ళి, చెప్పులు విప్పి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడాలి. జుట్టు విప్పుకుని. అంతే, చిన్నదే. కాని అది ఎవరి కోసమూ కాదు.

డబ్బా మూత తీసింది. ఆ వాసన. పుల్లగా, చేదుగా, కారంగా ముక్కుకి తగిలే కుంకుడు వాసన. అత్తగారికి పాపం ఇది తెలియలేదు. నీళ్ళు పోసుకుని, రసం దోసిట్లో తీసుకుని మాడుకి పట్టించింది. నురగ లేచింది. చెవుల మీంచి, నుదుటి మీంచి కారింది. ఎంత జాగ్రత్తపడ్డా కంట్లో పడనే పడింది. భగ్గుమంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ మంటకే నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఇలాగే మూసుకుని ఏడుస్తుంటే ఇంకో చెంబు, ఇంకో చెంబు అంటూ అమ్మ ఆపకుండా పోసేది.

నోట్లో ఏదో రాగం తిరుగుతోంది. మాటలు లేవు, ఉత్త రాగం. ఎప్పుడు మొదలుపెట్టిందో తెలియదు. నురగ చేతుల్తో జుట్టంతా నెత్తి మీదికి తీసి పులుముతూ అలాగే పాడుకుంటోంది. జుట్టు వేళ్ళ మధ్య నుంచి జారుతోంది. జారుతోంది, నిజంగానే. చరిత అక్కడ ఉంది. ఎక్కడికీ పోలేదు. ఇంతసేపూ ఇక్కడే, ఈ ముడి కిందే ఉంది.

గోడ అవతల థర్మామీటర్ కూసింది.

గబగబా. నాలుగు. అయిదు.

రాగం ఆగిపోయింది.

కళ్ళు తెరవబోయింది. మంట. చేత్తో వెతికితే చెంబు దొరకలేదు. పిలుపు కోసం చెవులు రిక్కించింది. చరితా అని గాని, అమ్మాయ్ అని గాని. ఏదీ రాలేదు. కమల గొంతు ఏదో అంది, సగంలో ఆగింది. మహీధర్ గొంతు, చాలా మెల్లగా, "వద్దు, ఇంకాసేపు ఉండనీ," అంది. లేక అలా అన్నట్టు తనకి అనిపించిందా? మళ్ళీ చప్పుడు లేదు. తర్వాత చిన్న అడుగులు నడవాలోకి వచ్చి, తలుపు దగ్గర ఆగాయి.

"మధూ?" అంది చరిత. "ఎంత చూపించింది?"

అవతల కాసేపు ఊపిరి.

"ఎవ్రీథింగ్స్ గ్రాండ్, అమ్మా."

నురగ కారుతున్న చెయ్యి చాపి, తడుముకుంటూ, చరిత గడియ పట్టుకుంది. బిగియని మూడో స్క్రూ వేళ్ళ కింద కదిలింది. నెత్తి మీది నురగ ఒక్క చెంబు నీళ్ళ కోసం ఆగి ఉంది. తలుపుకి అవతల మధులిక ఊపిరి ఇంకా వినిపిస్తూనే ఉంది. పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు.